బంతి పట్టుకుంటే మాట చెప్పాలి

నేను ఒక వాలీబాల్‌ని. పుట్టాక చాలా కాలం దాకా నన్నెవరూ ఒక్క దెబ్బ కూడా కొట్టలేదు. దెబ్బలు తినకుండా పెరగడం మనుషుల్లో అదృష్టమేమో గాని, మా జాతిలో అంతకు మించిన అవమానం లేదు.

జలంధర్‌లో ఒక ఇరుకు గదిలో నన్ను కుట్టారు. కుట్టినావిడ పేరు నాకు తెలియదు. సూది లాగిన ప్రతిసారీ ఏదో కూనిరాగం తీసేది. తరవాత నాలోంచి గాలి తీసేసి, అప్పడంలా నొక్కి, తోబుట్టువులతో పాటు అట్టపెట్టెలో సర్ది లారీ ఎక్కించారు. నేను దిగింది నరసాపురం వైపు ఒక చిన్న పట్నంలో, ఆటవస్తువుల కొట్టులో. గాలి కొట్టి, వల సంచిలో వేసి, గుమ్మానికి వేలాడదీశారు. దారిన పోయే పిల్లలు వేలితో పొడిచి వెళ్లేవాళ్లు. అది దెబ్బ కింద లెక్క రాదు.

ఒకరోజు హైస్కూలు పంతుళ్లు గుంపుగా వచ్చి నన్ను కొన్నారు. వాళ్ల డ్రిల్లు మాస్టారు రూబేను గారు రిటైరవుతున్నారట. సన్మాన సభలో ఆయనకు శాలువా కప్పి, నన్ను చేతుల్లో పెట్టారు. హమ్మయ్య, ఆటలు నేర్పే మనిషి చేతిలో పడ్డానని ఉబ్బిపోయాను. ఆయన నన్ను ఇంటికి తీసుకెళ్లి, మెత్తని గుడ్డతో తుడిచి, షోకేసులో పింగాణీ కుక్కపిల్లకీ ప్లాస్టిక్ ద్రాక్షపళ్లకీ మధ్య కూర్చోబెట్టి తాళం వేశారు. ఇంటికొచ్చిన వాళ్లందరికీ చూపించి, "ముట్టుకోకండి, మరక పడుద్ది" అనేవారు. ఇష్టమైనదాన్ని అద్దాల వెనక ఊపిరాడకుండా దాచుకోవడం మనుషులకెవరు నేర్పారో నాకు అంతుపట్టలేదు.

షోకేసులోంచి హాలంతా కనబడేది. అందులో నాకు బాగా నచ్చిన దృశ్యం ఆయన కూతురు హెప్సిబా. ప్రైవేటు ఆస్పత్రిలో ల్యాబ్ టెక్నీషియన్. నవ్విందంటే వీధి చివర ఇస్త్రీ బండి దాకా వినబడేది. అలాంటి పిల్ల ఆదివారం సాయంత్రం చర్చి నుంచి వచ్చేసరికి మాత్రం పిండేసిన బట్టలా ఉండేది. చెప్పులు ఒకటి అటూ ఒకటి ఇటూ వదిలేసి కుర్చీలో కూలబడేది.

సంగతేమిటంటే, చర్చిలో యౌవనస్థుల కూడికను కొత్తగా ఆమెకు అప్పగించారు. అంతకుముందు దాన్ని సంఘ పెద్ద జ్ఞానప్రకాశం గారు నడిపేవారు. ఖద్దరు చొక్కా, గంభీరమైన గొంతు, సెల్‌ఫోను వల్ల కలిగే నష్టాల మీద అంతులేని ప్రసంగం. పిల్లలు పాటల పుస్తకం మధ్యలో సెల్‌ఫోన్లు పెట్టుకుని ఆ నష్టాలను ఎప్పటికప్పుడు పరీక్షించుకునేవాళ్లు. హెప్సిబా వచ్చాక రంగుల చార్టులు పెట్టింది, క్విజ్ పెట్టింది, చాక్లెట్లు పెట్టింది. చాక్లెట్లు అయిపోయాయి గాని పిల్లలు నోరు విప్పలేదు.

"చివర్లో, ఎవరికైనా ప్రశ్నలున్నాయా అని అడిగాను నాన్నా," అందామె ఒకసారి. "హనోకు చెయ్యెత్తాడు. ఎంత సంబరపడ్డానో! 'అక్కా, ఎప్పుడు వదులుతారు?' అన్నాడు."

రూబేను గారు పకపకా నవ్వారు. ఆమె నవ్వలేదు. నా వంక చూసింది. చూస్తూ చూస్తూ లేచి నిలబడింది.

"నాన్నా, తాళం చెవి ఇవ్వు."

"ఎందుకే? అది సన్మానం బంతి!"

"ఒక్క ఆదివారం. గీత కూడా పడకుండా తెచ్చి పెడతాను."

అలా బయటపడ్డాను. ఆమె ఉద్దేశం నాతో ఆడించడం కాదు పాపం. నన్ను చూపించి పాఠం చెప్పాలని. ఆ ఆదివారం చర్చి పక్క గదిలో నన్ను రెండు చేతులా పైకెత్తి, "మన హృదయం ఈ బంతి లాంటిది. లోపల ఏది నింపుకుంటే..." అని మొదలుపెట్టింది. పిల్లల కళ్లు నా మీద పడ్డాయి. ఎవరి కళ్లూ హృదయం మీద లేవు. అందరూ చూడండంటూ నన్ను ఒకరి చేతి నుంచి ఒకరికి పంపించింది. నేను వెళ్లి వెళ్లి ఆఖరి బెంచీలో మూలన కూర్చున్న పిల్ల ఒళ్లో పడ్డాను.

ఆ పిల్ల పేరు కెజియా. ఇంటర్ చదువుతోంది. జ్ఞానప్రకాశం గారి మనవరాలు. నెలల తరబడి ఆ మూలలోంచి ఒక్క మాటా మాట్లాడలేదని హెప్సిబా ఇంట్లో బాధపడగా విన్నాను. ఆమె నన్ను తిప్పి చూసింది. వేళ్లతో టకటకా కొట్టి చూసింది. లేచి నిలబడింది. నన్ను పైకి ఎగరేసింది. తరవాత...

ఆహా! నా మొదటి దెబ్బ!

కిటికీలోంచి దూసుకుపోయాను. ఎండ, గాలి, కొబ్బరి మట్టలు, ఆకాశం, అన్నీ గిరగిరా తిరిగాయి. ఆకాశం అంత పెద్దదని నాకు ఎవరూ చెప్పలేదు! ప్రహరీ దాటి, పాస్టరు గారి పెరట్లో, ఆయన భార్య అమ్మగారు ఎత్తబోతున్న గుమ్మడి వడియాల చాప మీద దబ్బున పడ్డాను. వడియాలు చెల్లాచెదురయ్యాయి. కోళ్లు ఎగిరాయి. అమ్మగారు చేట పట్టుకుని లేచారు.

"ఎవర్రా అదీ!"

పిల్లలంతా పరిగెత్తుకొచ్చారు. కూడిక నుంచి పారిపోవడానికే తప్ప ఎన్నడూ పరిగెత్తనివాళ్లు, నా కోసం వచ్చారు. ముందు కెజియా, మొహం పాలిపోయి. వెనక హెప్సిబా, చేతిలో చార్టుతో. ఆమె ఆ పెరటిని చూసింది, తల మీద వడియం అతుక్కున్న కోడిని చూసింది, ఇక ఆగలేకపోయింది. వీధి చివర దాకా వినబడే ఆ నవ్వు చర్చి ఆవరణలో మొదటిసారి వినబడింది. పిల్లలు ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు. తరవాత వాళ్లూ మొదలుపెట్టారు.

"నవ్వింది చాల్లెండి. ఏరండి," అన్నారు అమ్మగారు, తానూ నవ్వాపుకుంటూ.

అందరూ గొంతుక్కూర్చుని వడియాలు ఏరారు. ఏరుతూ ఏరుతూ మాట్లాడుకున్నారు. లెక్కల సారు ఎలా తుమ్ముతాడో హనోకు చేసి చూపించాడు. ఒకమ్మాయి తనకు హాస్టలంటే భయమని చెప్పింది. ఇంకొకడు తనకు తెల్లవెంట్రుక వచ్చిందని తల వంచి చూపించాడు. ఎదురుగా నిలబడి అడిగితే గుటకలు మింగినవాళ్లు, చేతులకు పని దొరికేసరికి గలగలా మాట్లాడేస్తున్నారు. హెప్సిబా చేట పట్టుకుని వాళ్ల మధ్య కూర్చుని, పాఠం ఊసెత్తకుండా వింది. చార్టు కోళ్ల పాలైంది.

మట్టి కొట్టుకుని ఇంటికెళ్లాను. రూబేను గారు గీతలు వెతుకుతారని భయపడ్డాం ఇద్దరమూ. ఆయన నన్ను చేతిలోకి తీసుకుని, బొటనవేలితో నొక్కి, "గాలి తగ్గింది," అన్నారు. లోపలికెళ్లి పంపు తెచ్చారు. షోకేసు తలుపు మళ్లీ నా మీద మూసుకోలేదు.

మరుసటి ఆదివారానికి ఆవరణలో రెండు సరివి కర్రలకు చేపల వల కట్టారు. ఆడపిల్లలు ఒకవైపు, మగపిల్లలు ఒకవైపు అనబోయాడెవడో. కెజియా సర్వీసు చూశాక మగపిల్లలే వచ్చి కలిపి ఆడదామన్నారు. ఫోన్ల గురించి ఎవరూ ప్రసంగించలేదు. నన్ను కొట్టాలంటే రెండు చేతులూ కావాలి కాబట్టి ఫోన్లు వాటంతటవే అమ్మగారి చేటలోకి చేరాయి.

ఆట అయ్యాక గుండ్రంగా కూర్చునేవాళ్లు. నన్ను ఒకరి నుంచి ఒకరికి విసురుకోవాలి. బంతి పట్టుకున్నవాళ్లు ఆ వారంలో తమకు జరిగిందేదైనా ఒక మాట చెప్పాలి. అదే రూలు. మొదట్లో "బిర్యానీ తిన్నాను" లాంటివే వచ్చేవి. ఒకసారి హనోకు, "పరీక్షలో కాపీ కొట్టాను, దొరకలేదు, కానీ నిద్ర పట్టట్లేదు," అన్నాడు. హెప్సిబాకు లోపల చార్టులన్నీ ఒక్కసారి లేచినట్టున్నాయి. "చూశావా హనోకూ, అందుకే వాక్యం ఏం చెబుతోందంటే..." అని అందుకుంది.

హనోకు నన్ను ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాడు. "అక్కా, బంతి నా దగ్గరుంది కదా. నీ దగ్గరకొచ్చాక నువ్వు మాట్లాడుదువు గాని."

అందరూ గొల్లున నవ్వారు. హెప్సిబా నాలిక కరుచుకుంది. నేను ఆమె చేతికొచ్చినప్పుడు నన్ను అటూ ఇటూ తిప్పింది. ఆమె అరచేతులు చెమట పట్టడం నాకొక్కదానికే తెలుసు. "మీకు నేనంటే విసుగని భయం," అంది చివరికి.

"పోనీలే అక్కా, మాకు జ్ఞానప్రకాశం తాతగారు అలవాటే," అన్నాడు హనోకు. ఆ రోజు నుంచి బిర్యానీ కబుర్లు తగ్గాయి. పాటలు పిల్లలే ఎంచుకున్నారు. వాక్యం చదివి నాలుగు మాటలు చెప్పే పనిని వంతులేసుకున్నారు. ఎవరికైనా జ్వరమొస్తే అంతా కట్టగట్టుకుని వెళ్లి ఆ ఇంటివాళ్లకు కొత్త జ్వరం తెప్పించేవాళ్లు. చివర్లో బజ్జీల బండి దగ్గర ప్రార్థనలో కన్నా ఎక్కువ ఏకాగ్రత కనబడేదనుకోండి, అది వేరే విషయం.

కాని ఆవరణలో బంతాట ఏమిటని సంఘ పెద్దల్లో గొణుగుడు మొదలైంది. జ్ఞానప్రకాశం గారు అందరికన్నా గట్టిగా అన్నారు, "అది దేవుని మందిరమా, ఎగ్జిబిషన్ గ్రౌండా? వచ్చే ఆదివారం నేనే వెళ్లి ఆ బంతి పట్టుకొచ్చేస్తాను." ఈ కబురు హెప్సిబాకు చేరింది. ఆ వారమంతా ఇంట్లో నన్ను పక్కన పెట్టుకునే అన్నం తింది.

ఆ ఆదివారం ఆట బాగానే సాగింది. గుండ్రంగా కూర్చున్నాక నేను కెజియా చేతిలో పడ్డాను. ఎప్పుడూ "ఏం లేదక్కా" అని విసిరేసే పిల్ల, విసరలేదు.

"అక్కా, నేను పాడట్లేదు," అంది. "నోరు కదుపుతున్నానంతే. అన్నయ్య పోయిన కాడి నుంచీ అంతే. ప్రార్థనప్పుడు కళ్లు మూసుకుంటాను గాని లోపల ఏమీ ఉండదు. అందరూ ఆషేరు దేవుడి దగ్గరున్నాడంటారు. నాకు దేవుడి మీద కోపంగా ఉంది. తాతయ్యతో చెబితే కొడతాడు."

ఆషేరు ఆమె అన్న. కిందటేడు వానాకాలంలో విషజ్వరంతో పోయాడు. హెప్సిబా ఈసారి వాక్యం అందుకోలేదు. లేచి వచ్చి కెజియా పక్కన నేల మీద కూర్చుంది.

"సరే," అంది. "నోరే కదుపు. నువ్వు పాడనప్పుడు నీ పక్కన నిలబడి నేను పాడతాను. కోపం పోయిందని అబద్ధం మాత్రం చెప్పకు, దేవుడికైనా, నాకైనా."

కెజియా తల ఊపింది. పట్టు సడలి నేను ఆమె ఒళ్లోంచి జారిపోయాను. దొర్లుకుంటూ వెళ్లి నల్లటి తోలు చెప్పుల దగ్గర ఆగాను. తల ఎత్తితే ఖద్దరు చొక్కా. జ్ఞానప్రకాశం గారు ఎప్పుడొచ్చారో, వల వెనక నిలబడి ఉన్నారు.

ఆయన వంగి నన్ను రెండు చేతులా ఎత్తుకున్నారు. పట్టుకుపోవడానికే వచ్చిన మనిషి. హెప్సిబా లేచి నిలబడింది. "అయ్యా, తప్పుంటే నన్నడగండి, పిల్లల్ని కాదు," అంది. కెజియా ఆయన్నే చూస్తోంది. చివరికి ఆ పిల్లే అంది:

"తాతయ్యా, బంతి పట్టుకున్నోళ్లు ఒక మాట చెప్పాలి."

ఆ ముసలి వేళ్లు నా అతుకుల మీద పైకీ కిందకీ కదిలాయి.

"ఏం చెప్పమంటావే," అన్నారాయన. ఆ గంభీరమైన గొంతు ఏమైపోయిందో. "ప్రతి ఆదివారం అంతంత ప్రార్థన చేస్తాను. లోకమంతటి కోసం చేస్తాను. ఆ పిల్లోడి పేరు మాత్రం ఒక్కసారీ ఎత్తలేకపోయాను. నోట్లోకి రాదు. నీకు తెలిస్తే బెంగ పడతావని గొంతు పెంచుతా ఉంటాను."

కెజియా వెళ్లి ఆయన నడుముకు చుట్టుకుంది. మధ్యలో నేను నలిగిపోయాను. నా బతుకులో అంత గట్టి దెబ్బ లేదు, అంత మెత్తనిదీ లేదు. ఇద్దరూ కాసేపు ఏడ్చారు. నేను తడిసిపోయాను.

తరవాత ఆయన కండువాతో మొహం తుడుచుకుని, నన్ను చూసి, "ఇప్పుడు దీన్ని ఏం చెయ్యాలి? ఎవరికివ్వాలి?" అన్నారు.

"ఇవ్వకూడదు తాతగారూ, కొట్టాలి!" అని అరిచాడు హనోకు.

"కొట్టండి తాతగారూ!" అందరూ లేచారు. హెప్సిబా చప్పట్లు మొదలుపెట్టింది. పెద్దాయన అటూ ఇటూ చూశారు. కండువా మనవరాలి మెడలో వేశారు. పంచె ఎగ్గట్టారు. నన్ను ఎడమచేతిలో పెట్టుకుని, కుడిచెయ్యి వెనక్కి తీసి, ఏడాదిగా లోపల దాచుకున్నదంతా పిడికిట్లో పెట్టి కొట్టారు.

వల మీంచి కాదు, కొబ్బరిచెట్ల మీంచి వెళ్లాను. సూటిగా గంట గోపురంలోకి దూరి, గంటకీ గోడకీ మధ్య ఇరుక్కుపోయాను. గంట ఒక్కసారి 'ఠంగ్' మంది. ఆరాధన వేళైందేమోనని ఎదురింటి ముసలామె బైబిలు పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. కింద ఒకళ్ల మీద ఒకళ్లు పడి నవ్వుతున్నారు. అందరికన్నా పెద్దగా జ్ఞానప్రకాశం గారే.

నిచ్చెన అందలేదు. గెడ కర్ర అందలేదు. క్రిస్మస్‌కి రంగులేసేవాళ్లు వస్తే దింపుతామన్నారు. నేనేమీ తొందర పడటం లేదు. గాలి కొంచెం కొంచెం పోతోంది, పావురాలు పైకెక్కి కూర్చుంటున్నాయి. షోకేసుకన్నా ఇది వెయ్యి రెట్లు నయం. ఇక్కణ్ణుంచి గోదావరి కనబడుతుంది, ఆవరణ కనబడుతుంది. హెప్సిబా నవ్వు పైదాకా వస్తుంది. కెజియా పాడుతోందో లేదో ఇంత ఎత్తు నుంచి చెప్పలేను. పాయింటు కోసం పోట్లాడటం మాత్రం స్పష్టంగా వినబడుతోంది.

వాళ్లు కొత్త బంతి కొన్నారు. నీలం, పసుపు చారలది. నిగనిగలాడుతోంది. ఇప్పుడే జ్ఞానప్రకాశం గారు పంచె ఎగ్గట్టి దాన్ని ఎడమచేతిలో పెట్టుకున్నారు. "మెల్లిగా తాతయ్యా, మెల్లిగా!" అని పిల్లలంతా అరుస్తూ చెదిరిపోతున్నారు. ఆయన వినేలా లేరు. చెయ్యి వెనక్కి తీశారు.

అదిగో, లేచింది. నా వైపే వస్తోంది. గాలి తగ్గి ముడుచుకుపోయాను కాబట్టి, నా పక్కన చోటు బాగానే ఉంది.