ఫ్రేముల బాబాయి

కంప్యూటరులో, పదిహేడో తెర మీది "ఎముకలు" అన్న మీటను పట్టి, లాగి, ఫ్రేములో పడేశాడు బాబాయి. పడగానే అది పైనున్న "పళ్ళు"కీ కిందనున్న "గుండె"కీ నడుమ బుద్ధిగా ఒదిగి నిలబడింది. "ఊఁ, అక్కడుండు," అన్నాడు దానితో. మనుషులతో కన్నా మీటలతోనే ఆయనకు మాటలెక్కువ.

పదకొండు దాటింది. టైర్ల దుకాణం మీద, రెండో అంతస్తులో ఉంది ఆ ఆఫీసు. నాలుగు బల్లలు, నాలుగు కంప్యూటర్లు. కిటికీ తెరిస్తే రబ్బరు వాసన, మూస్తే ఉక్క. బాబాయి బల్ల గోడమూలన ఉంది. సన్నటి మనిషి. తెరలోకి తొంగిచూసి తొంగిచూసి మెడ ముందుకు సాగింది. కుడి భుజం ఎడమదానికన్నా అంగుళం కిందికి దిగిపోయింది. చొక్కా జేబులో రెండు కళ్ళజోళ్ళు, ఒకటి దగ్గరికి, ఒకటి దూరానికి. ఏది ఏదో ఆయనకే తెలియదు. రెండూ పెట్టి చూసి, పనికొచ్చింది ఉంచుకుంటాడు. రేపటికి అరవై నిండుతాయి. అందుకని ఉద్యోగానికి ఇవాళే ఆఖరు.

ఆస్పత్రి గుమ్మంలో నిలబెట్టే టోకెన్ యంత్రానికి తెరలు తయారవుతున్నాయి. రోగి వచ్చి తన బాధేమిటో తెరమీద నొక్కితే చీటీ వస్తుంది. ఆ చీటీ పట్టుకుని ఆ వరుసలో కూర్చోవాలి. మొత్తం నలభై ఒక్క తెరలు. గీసింది పక్క బల్ల రంగులాయన. అతని రంగుల్లో వంక పెట్టడానికి లేదు. కానీ మీటనూ, అక్షరాన్నీ, బొమ్మనూ విడివిడిగా తెరమీద చల్లి, మూటకట్టి వదిలేస్తాడు. కట్టిన మూటలో ఒకటి లావెక్కితే పక్కదాని నెత్తిన కూర్చుంటుంది.

ఫ్రేము సంగతి వేరు. అదొక పెట్టె. లోపలున్నవి ఒకదాని కింద ఒకటి, ఇంత ఎడంతో నిలబడాలని ఒక్కసారి చెబితే చాలు. ఒకటి పెరిగితే తక్కినవి బస్సులో జరిగి చోటిచ్చినట్టు కిందికి జరుగుతాయి. పెట్టెలో చిన్నపెట్టె, దానిలో ఇంకా చిన్నపెట్టె. పన్నెండేళ్ళుగా బాబాయి పని ఇదే. చప్పట్లు రంగుకే పడతాయి. కింద ఏది దేన్ని మోస్తోందో చూసే తీరిక ఈ లోకంలో ఎవడికుంది? ఆయనకూ ఆ చప్పట్ల మీద ధ్యాస లేదు. నిజం చెప్పాలంటే, చెదిరినదాన్ని సర్దితే ఆయనకు కడుపు నిండుతుంది.

"నీకీ పెట్టెల పిచ్చేంటి బాబాయ్?" అన్నాడు రంగులాయన. "పైకి ఏమీ కనబడదు కదా!"

"నీ ఎముకలు కనబడుతున్నాయా పైకి? తీసేద్దామా?"

రంగులాయన నవ్వి టీకి వెళ్ళిపోయాడు.

ఇవాళ మాత్రం అంత సరదా వ్యవహారం కాదు. తెర మూలన "పెద్ద అక్షరాలు" అని ఒక మీట ఉంది. నొక్కితే అక్షరాలు రెట్టింపవుతాయి. రంగులాయన తెరల్లో అది నొక్కితే "గుండె" వెళ్ళి "ఎముకల" మీద పడుతోంది. పొద్దున్నే మేనేజరమ్మ చెప్పేసింది.

"పెద్ద అక్షరాలు ఈసారికి తీసేద్దాం బాబాయ్. నాలుగింటికి ఫైలు పంపాలి. తర్వాత చూద్దాం."

"తర్వాత ఎవరు చూస్తారమ్మా?"

ఆయన స్థానంలో ఎవరినీ తీసుకోవడంలేదు. తర్వాత అంటే ఎన్నటికీ కాదనే.

"నాలుగింటిదాకా నాకొదిలెయ్. కుదిరితే పంపు, లేకపోతే తీసిపారెయ్."

"ఒక్క తెర చెదిరినా తీసేస్తాను. తర్వాత నన్ననకూడదు."

"అనను."

ఆయన పట్టుకి కారణముంది. కిందటి నెల వాళ్ళక్క ఒక్కతే ఆస్పత్రికి వెళ్ళింది. ఇలాంటి యంత్రమే. అక్షరాలు చీమల్లా ఉన్నాయి. కంటికని వెళ్ళినావిడ పంటి చీటీ నొక్కి, మధ్యాహ్నం రెండింటిదాకా పళ్ళవాళ్ళ వరుసలో కూర్చుంది. చివరికి డాక్టరు నోరు తెరవమంటే, "నాకు ఉన్నవే నాలుగు, వాటితో నాకే గొడవా లేదు బాబూ," అందట. ఇంటికొచ్చి ఆవిడే చెప్పి పగలబడి నవ్వింది. బాబాయి నవ్వలేదు. చదవగలిగినవాళ్ళు తమ కళ్ళ కొలతతో చేసిపెట్టి, చదవలేకపోతే తప్పు ముసలివాళ్ళదంటారు. కోపతాపాలు తెలియని మనిషైనా ఆ రాత్రి ఆయనకు అన్నం సహించలేదు.

రోజూ ఒంటిగంటకి ఇంటికెళ్ళి తింటాడు. ఇవాళ గడియారం వంక చూడలేదు. పొద్దున్నే ఒక తల్లి ఫ్రేము గీసుకుని, దాని నకళ్ళనే ఒక్కో తెరలోనూ పెడుతూ వచ్చాడు. ముప్ఫై. ముప్ఫై ఐదు. మూడుంబావుకి నలభై ఒకటోది కూడా లోపల పడింది. వీపు విరుచుకుని, తెరలన్నిటినీ చిన్నవి చేసి ఒక్కసారి చూశాడు. ఆరేసిన బట్టల్లా వరసగా, ఎడం తప్పకుండా ఉన్నాయి. ఏదో పాటలాంటిది ముక్కుతో తీశాడు.

అప్పుడే మెట్లమీద చెప్పుల చప్పుడు, వెనకే గొంతు.

"ఒరేయ్! తిండి తినాలని కూడా గుర్తుండదురా నీకు? ఇన్ని మెట్లా? ఇది ఆఫీసా, కొండా?"

అక్క. డెబ్బై రెండేళ్ళు. చేతిలో టిఫిన్ డబ్బా. తల్లి పోయాక తమ్ముణ్ణి తానే పెంచి, పెళ్ళి తనూ చేసుకోక, వాడికీ చేయలేక, వాణ్ణి తిడుతూ హాయిగా బతుకుతున్న మనిషి. మేనేజరమ్మ కుర్చీ జరిపింది.

"కూర్చోండి పెద్దమ్మా."

"కూర్చుంటే మళ్ళీ లేవాలి కదమ్మా," అంటూనే కూర్చుంది.

బాబాయి డబ్బా ముట్టుకోలేదు. గోడకి నిలువుగా ఆనించిన, వేలితో నొక్కి పరీక్షించే పలకలో తెరలు తెరిచి, పెద్ద అక్షరాల మీట నొక్కి, అక్కను దాని ముందుకు లాక్కొచ్చాడు.

"ఇది ఆస్పత్రి అనుకో. నీకు కన్ను నొప్పి. చీటీ తీసుకో."

"తిండి తినరా ముందు."

"చీటీ తీసుకుంటే తింటా."

ఆవిడ వేలు చాచింది. అక్షరాలు బొద్దుగా, ఒకదాన్నొకటి తాకకుండా నిలబడి ఉన్నాయి. "కళ్ళు... పళ్ళు... బాగానే ఉన్నాయిరా!" అంటూ వణికే వేలితో నొక్కింది. పడింది పళ్ళమీద.

"అయ్యో, మళ్ళీ పళ్ళేనా! ఒరేయ్, వెనక్కి ఎలా పోవాలి?"

"కింద 'వెనక్కి' అని ఉంటుంది చూడు."

"ఎక్కడ?"

"కిందే అక్కా."

"ఏ కింద? నా కళ్ళు మసకే కానీ గుడ్డివి కావు. లేదిక్కడ."

బాబాయి ఒక జోడు తీసి రెండోది పెట్టుకున్నాడు. నిజమే. లేదు. చిన్న అక్షరాలప్పుడు ఉంది, పెద్దవయ్యేసరికి మాయమైంది. కింద జానెడు చోటు ఖాళీగా ఉండి కూడా మాయమైంది.

మేనేజరమ్మ గడియారం చూసింది. మూడు నలభై. "అందుకే వద్దన్నాను బాబాయ్," అంది నెమ్మదిగా.

ఆయన తన బల్ల దగ్గరికి వెళ్ళి తల్లి ఫ్రేము మీద నొక్కాడు. ఎత్తు దగ్గర అంకె వేసి ఉంది, బిగించి. వేసింది తనే. అంచు దాటినదాన్ని ఫ్రేము కత్తిరించి లోపలే దాచేస్తుంది. వెనక్కి మీట ఎక్కడికీ పోలేదు, అంచు కింద చీకట్లో ఉంది. ఈ ఉద్యోగానికి ముందు ఇరవై రెండేళ్ళు అచ్చాఫీసులో లేబుళ్ళు పేర్చాడు బాబాయి. అక్కడ కాగితం పెరగదు. కొలత రాసుకున్నాకే ఏ పనైనా. ఇక్కడికొచ్చి పన్నెండేళ్ళయినా పెట్టె గీయగానే చెయ్యి ముందు ఎత్తు రాసేస్తుంది. రంగులాయన చేయని తప్పు, చేయలేని తప్పు. అతను అసలు పెట్టె గీస్తేగా!

"తప్పు నాదే," అన్నాడు. "కాగితం అనుకున్నాను."

"నలభై ఒక్క తెరలు, ఇరవై నిమిషాలు. వద్దు బాబాయ్, తీసేస్తా."

"నలభై ఒకటి కాదమ్మా, ఒక్కటే. తల్లి సర్దుకుంటే పిల్లలూ సర్దుకుంటారు."

అంకె చెరిపాడు. లోపల ఎంత ఉంటే అంత ఎత్తు అని చెప్పాడు. తెరమీద నలభై ఒక్క పెట్టెలూ ఒక్కసారి ఊపిరి పీల్చినట్టు కిందికి సాగాయి. ప్రతిదాని అడుగునా "వెనక్కి" బయటపడింది.

"అక్కా, మళ్ళీ నొక్కు."

"ఇంకోసారా? నేనేమన్నా మీ జీతగత్తెనా?" అంటూనే లేచింది. పళ్ళు నొక్కింది, కావాలనే. వెనక్కి వచ్చింది. కళ్ళు నొక్కింది. తెరనిండా టోకెన్ నంబరు పడింది.

"వచ్చిందిరోయ్! నా చీటీ నాకొచ్చింది. ఇప్పుడైనా తిను."

మేనేజరమ్మ నలభై ఒక్క తెరలూ తిప్పి చూసింది. ఒక్కటీ చెదరలేదు. మూడు యాభై ఎనిమిదికి ఫైలు పంపింది, పెద్ద అక్షరాలతో సహా. బాబాయి చల్లారిన అన్నం తిన్నాడు. ఇంత రుచిగా ఎన్నడూ లేదనిపించింది కానీ, అంటే అక్క రోజూ చల్లన్నమే పెడుతుందని అనలేదు.

అక్క ఇంటికెళ్ళలేదు. "ఇంట్లో మాత్రం ఏముంది, ఇక్కడ ఫ్యానుంది," అంటూ రంగులాయన చేత తన చీరకి నప్పే రంగేదో చెప్పించుకుంటూ కూర్చుంది. అయిదున్నరకి బాబాయి కంప్యూటరు ఆపి, బల్లమీది దుమ్ము అరచేత్తో తుడిచి లేచాడు. సభలూ దండలూ వద్దని వారం కిందటే చెప్పేశాడు.

"రేపట్నుంచి ఇంట్లో నా గిన్నెలకి కూడా పెట్టెలు గీస్తావా ఏం?" అంది అక్క.

"నీ నోటికి గీస్తా ముందు."

మేనేజరమ్మ ఏదో రాసుకుంటూ, తలెత్తకుండా, అలవాటు కొద్దీ, "రేపు కలుద్దాం బాబాయ్," అంది.

"అలాగేనమ్మా," అన్నాడు ఆయన, అలవాటు కొద్దీనే.

అక్కాతమ్ముళ్ళ పోట్లాట మెట్టు మెట్టుకీ తగ్గుతూ కిందికి దిగింది. టైర్ల దుకాణం చప్పుళ్ళలో కలిసిపోయాక మేనేజరమ్మకు తానన్న మాట తట్టింది. లేచి మూలకు వెళ్ళింది. తెర నల్లగా ఉంది. దాని పక్కన ఆయన మౌసు. ఎడమ మీట చూపుడువేలి అచ్చున నున్నగా, తెల్లగా అరిగిపోయి ఉంది, అడుగున చిన్న ఎర్రదీపం ఇంకా వెలుగుతూనే ఉంది.