జాలరిపేట నల్లతెర

వేటకు బయల్దేరే ముందు జాలరిపేట మగాళ్లకు కొన్ని పనులుంటాయి. వల సర్దుకోవాలి, ఇంజన్లో డీజిలు చూసుకోవాలి, టీ తాగాలి, వరహాలు ఇంటికొచ్చి లాప్‌టాప్ ముందు ఒక్క నిమిషం కూర్చోవాలి. టీ అయినా మానేస్తారేమో గానీ ఆ ఆఖరి పని మానరు.

లాప్‌టాప్ వరహాలు కూతురు దుర్గది. జగదాంబ సెంటర్ దగ్గర తిరుమలరావు కంప్యూటర్ల కొట్లో సెకండ్‌హాండ్‌లో కొన్నది. అందులో విండోస్ లేదు. ఇది ఊరందరి సొత్తు, ఎవరికీ ఏమీ కట్టక్కర్లేదని చెప్పి తిరుమలరావే లినక్స్ ఎక్కించి ఇచ్చాడు. అన్నీ బాగానే నడిచాయి, బొమ్మ ఒక్కటీ తప్ప. లోపలున్న పెద్ద గ్రాఫిక్స్ కార్డుకీ లినక్స్‌కీ మధ్య మాట కలిపే డ్రైవర్ కుదరలేదు. ఆన్ చేస్తే తెల్లటి అక్షరాలు గబగబా పరిగెత్తేవి, తర్వాత తెర నల్లబడి ఊరుకునేది. అలా అని ఆపేసినప్పటి నలుపు కాదది. వెనక దీపం వెలుగుతూనే ఉంటుంది, ముందు ఏమీ ఉండదు.

ఆ నలుపులో గదంతా కనిపించేది. నులకమంచం, గోడకు వేలాడే పాత వల, వరహాలు భార్య చిట్టమ్మ చేపలమ్మే తట్ట, ఎదురుగా కూర్చున్న మనిషి. ఒకరోజు వరహాలుతో కలిసి వేటకెళ్లే కోటి కూర్చుంటే కుర్చీ కనిపించింది, కోటి కనిపించలేదు. అతను కాసేపు చూసి లేచి, ఈవేళ నాను రాను బావా అని వరహాలుతో చెప్పి ఇంటికెళ్లి పడుకున్నాడు. మర్నాడు కనిపించాడు, వెళ్లాడు. అప్పట్నుంచీ పేటలో అదే పద్ధతి అయింది. తెరలో కనిపించనివాడు మళ్లీ కనిపించేదాకా పేట దాటడు. దాటితే ఏమవుతుందో ఎవరికీ తెలియదు, ఎందుకంటే ఎవరూ దాటి చూడలేదు. తెలియకపోయినా సముద్రం సంగతి తెలుసు కాబట్టి మిగతాది ఎవరికి వాళ్లే ఊహించుకున్నారు. దీని గురించి ఎవరూ వింతగా మాట్లాడుకోలేదు. ఈవేళ ఫలానావాడు కనపడ్లేదంట అనుకునేవాళ్లు, వాడికి జొరమొచ్చిందంట అన్నంత మామూలుగా.

దానికో నియమం కూడా పుట్టుకొచ్చింది. నలుపు పూర్తిగా తిరగకముందు తెరను ఎవరూ చూడకూడదు, మొదటి చూపు సముద్రం మీదకి వెళ్లేవాళ్లదే. అందుకని ఆన్ బటన్ నొక్కగానే చిట్టమ్మ పాత చీర ముక్క ఒకటి దాని మీద కప్పేది. అక్షరాలు పరిగెత్తడం ఆగిందని అనిపించాక తీసేది. ఏ వేళప్పుడు ఆన్ చేసినా అంతే. రోజూ చూసీ చూసీ దుర్గకూ అదే అలవాటైంది. బటన్ నొక్కిన చెయ్యే గుడ్డ కూడా కప్పేది.

దుర్గకు మాత్రం ఆ తెర వెలగాలి. లోపలి సెట్టింగుల్లో ఒక మాట చేర్చి ఆన్ చేస్తే ఏదో బండ బొమ్మ వచ్చేది గానీ, దాని మీద తను నేర్చుకున్న పని నడవదు. కాలేజీ కంప్యూటర్ మీద పడవల నమూనాలు తయారుచేయడం ఆమె నేర్చుకుంది. చిన్నప్పట్నుంచీ ఒడ్డున చూస్తున్న పడవ కాబట్టి అడుగు ఎక్కడ వంపు తిరుగుతుందో, అల ఎక్కడ కొడుతుందో ఆమెకు ఒకరు చెప్పక్కర్లేదు. అచ్యుతాపురంలో ఫైబర్ పడవలు డిజైన్ చేసే కంపెనీవాళ్లు ఆమె పంపిన బొమ్మలు చూసి, శుక్రవారం పదకొండింటికి వీడియోకాల్‌లో మా ఎదురుగా ఒక పడవ చేసి, తిప్పి చూపించాలన్నారు. ఈ బండ బొమ్మలో పడవను తిప్పితే సగం తిరిగి అక్కడే ఆగిపోయేది.

ఆ ఉద్యోగం రాకపోతే ఏమిటన్నది దుర్గకు రోజూ కళ్లముందే ఉండేది. పొద్దున చేపలమ్ముకొచ్చాక చిట్టమ్మ రొయ్యల షెడ్డుకు వెళ్తుంది. ఐసులో చేతులు పెట్టి రొయ్యలు వలిచీ వలిచీ ఆవిడ వేళ్లు బీటలు వారిపోయాయి. పచ్చిమిరపకాయ తుంచితే మంటతో చెయ్యి విదిలించుకుంటుంది. ఆర్నెల్లుగా దుర్గ కూడా అదే షెడ్డులో, తల్లి పక్కనే నిలబడుతోంది. తన వేళ్ల చివర చర్మం తెల్లగా లేస్తుంటే చూసుకుని ఆ పిల్ల భయపడేది. కష్టానికి కాదు, ఇంక ఇదే నా బతుకు అనిపించినందుకు.

డ్రైవర్ కోసం ఆమె ఎక్కని గడప లేదు. ఎక్కడెక్కడి దేశాలవాళ్లో రాసుకునే ఫోరంలో అడిగింది. వాళ్లు చెప్పిన కమాండ్లన్నీ కొట్టింది. ఏ తప్పూ లేకుండా ఎక్కినట్టే ఎక్కేది, రీస్టార్ట్ చేస్తే మళ్లీ నలుపే. శుక్రవారం పొద్దున మగాళ్లంతా వచ్చి, కనిపించి, వేటకు వెళ్లిపోయాక తిరుమలరావుకు ఫోన్ చేసింది.

ఆయన ఓపిగ్గా విన్నాడు. "నీలం తెర వచ్చిందా?" అని అడిగాడు.

"ఏ నీలం తెరండీ?"

"కొత్త డ్రైవర్‌ని కంప్యూటర్ ఊరికే నమ్మదమ్మా. రీస్టార్ట్ అవగానే ఒక నీలం తెర వచ్చి నిన్నే అడుగుతుంది, వీడిని లోపలికి రానివ్వనా అని. అప్పుడు ఏదో ఒక కీ నొక్కి, నువ్వు పెట్టుకున్న పాస్‌వర్డ్ కొట్టాలి. పది లెక్కపెట్టేలోపు నొక్కకపోతే అదే వెళ్లిపోద్ది."

"మాకు ఎప్పుడూ రాలేదండీ."

"రాకపోవడం ఉండదు. నువ్వే సూడట్లేదేమో."

దుర్గ ఫోన్ పక్కన పెట్టి ఒళ్లో ఉన్న చీర ముక్క వైపు చూసింది. ఇన్నాళ్లూ ఆ నీలం తెర వస్తూనే ఉంది. ఈ గుడ్డ కింద వచ్చి, అడగాల్సింది అడిగి, జవాబు రాక వెళ్లిపోతోంది. పేటలో పుట్టిన పిల్ల తప్ప ఇంకెవరూ ఇలాంటి పని చేసి ఉండరనుకుంటే ఆమెకు నవ్వొచ్చింది.

డ్రైవర్ మళ్లీ ఎక్కించి రీస్టార్ట్ నొక్కింది. చెయ్యి అలవాటుగా గుడ్డ వైపు వెళ్తే వెనక్కి లాక్కుంది. చేపలు అమ్ముకుని అప్పుడే వచ్చిన చిట్టమ్మ వెనక నిలబడి చూస్తోంది. ఏటే, కప్పలేదేటి అని మాత్రం అడిగింది. ఈలోపు నీలం తెర వచ్చింది. దుర్గ కీ నొక్కింది, పాస్‌వర్డ్ కొట్టింది, రానివ్వమంది. తెర ఆరిపోయి మళ్లీ మొదలైంది. అక్షరాలు పరిగెత్తి ఆగిపోయాయి. డ్రైవర్ లేచే ముందు ఆఖరిసారిగా ఆ నలుపు తిరిగింది.

నలుపులో మంచం ఉంది, వల ఉంది. నడుం మీద చెయ్యి పెట్టుకుని చిట్టమ్మ ఉంది. ఆవిడ ముందున్న కుర్చీలో ఎవరూ లేరు.

మరుక్షణం తెర భళ్లున వెలిగింది. ఎప్పుడూ చూడనన్ని రంగులు. దుర్గ పడవ బొమ్మ తెరిచి తిప్పింది. నీళ్లలో ఉన్నట్టు మెత్తగా, ఎక్కడా ఆగకుండా తిరిగింది.  పదకొండయ్యింది.

కాల్‌లో కుసుమకుమారి గారని కంపెనీ మేనేజరు, పెద్దగా నవ్వని మనిషి. దుర్గ పడవ కడుతుంటే మధ్యలో ఒకసారి ఆపి, ముక్కు దగ్గర అంత వంపెందుకని అడిగింది. ఒడ్డుకొచ్చేటప్పుడు పడవ వెనక వైపుని అల ఎత్తేస్తదండి, ముక్కు పైకి వంగకపోతే ఇసకలో గుచ్చుకుంటది అని చెప్పింది దుర్గ. ఆవిడ పడవను ఇంకోసారి తిప్పించి చూసింది. తర్వాత ఆవిడ, సాయంత్రంలోగా సర్టిఫికెట్లతో వచ్చేయమంది. హాస్టల్లో మంచం ఉందనీ, లాప్‌టాప్ కూడా తెచ్చుకోమనీ, ఈ రోజు రాకపోతే రేపు వేరే అబ్బాయిని తీసుకుంటామనీ చెప్పి పెట్టేసింది.

 కనిపించనివాళ్లు మళ్లీ కనిపించేదాకా పేట దాటకూడదు. మళ్లీ కనిపించాలంటే నలుపు ఉండాలి. నలుపు ఇంక రాదు.

"డ్రైవర్ తీసీమంటావా అమ్మా?" అంది దుర్గ. "ఒక్క కమాండ్ కొడితే పోతది. మళ్లీ నల్లగా అయిపోతది. రోజూ సూసుకోవచ్చు."

చిట్టమ్మ మంచం మీద కూర్చుంది. తీసేయమంటే ఈ పిల్ల తీసేస్తుంది, ఆ సంగతి ఆవిడకు తెలుసు. రేపు షెడ్డులో తన పక్కనే నిలబడుతుంది, ఎల్లుండీ నిలబడుతుంది, ప్రాణాలతో నిలబడుతుంది. ఆవిడ కూతురి చేతులు తీసుకుని తిప్పి, వేళ్ల చివర లేస్తున్న చర్మాన్ని చూసింది. వరహాలు ఉంటే బాగుండుననిపించింది. ఉంటే వెళ్లనివ్వడనీ అనిపించింది.

"తియ్యకు. మీ అయ్య వచ్చీలోపు ఎల్లిపో," అంది.

దుర్గ బస్సెక్కింది. ఆ మధ్యాహ్నం చిట్టమ్మ షెడ్డుకు వెళ్లలేదు. రోడ్డు మీద లారీ గట్టిగా బ్రేకు వేసినా, ఎవరైనా పరిగెత్తుకుంటూ వస్తున్నా గుమ్మంలోకి వచ్చి నిలబడింది. వరహాలు వేట నుంచి వచ్చి సంగతి విని, కాళ్లు కూడా కడుక్కోకుండా అరుగు మీద కూలబడ్డాడు. తిట్టలేదు. తిడితే బాగుండునని చిట్టమ్మకు అనిపించింది. దీపాలు పెట్టే వేళకు ఫోన్ మోగింది. నాను చేరిపోయానమ్మా, భోజనం కూడా పెట్టారు అంది దుర్గ. ఆ గొంతు విని ఇద్దరూ చంటిపిల్లల్లా ఏడ్చారు. అంతా ఉత్తిదే, ఇన్నాళ్లూ ఊరికే భయపడి చచ్చాం అన్నాడు వరహాలు.

మర్నాడు మగాళ్లొచ్చి, టేబుల్ మీద లాప్‌టాప్ లేకపోవడం చూసి గుమ్మంలోనే కాసేపు నిలబడ్డారు. కోటి తల గోక్కున్నాడు. తర్వాత అందరూ వలలెత్తుకుని వెళ్లిపోయారు.

ఆదివారం దుర్గ వీడియోకాల్ చేసింది. ఫోన్‌లో హాస్టల్ గది వచ్చింది. ఇనప మంచం, కిటికీ, కిటికీ ముందు ఖాళీ కుర్చీ. దుర్గ గొంతు మాత్రం ఆ కుర్చీలోంచే వస్తోంది. కనపడతన్నానా అని అడిగింది. వరహాలు ఫోన్‌ను అటూ ఇటూ తిప్పాడు, గుడ్డతో తుడిచాడు. సిగ్నల్ బాగోలేదేమోనన్నాడు కోటి, కానీ ఆ మాట అతనే నమ్మలేదు. చిట్టమ్మ ఫోన్ తీసుకుని, ఖాళీ కుర్చీని చూస్తూ, కనపడతన్నావే, కొంచెం చిక్కిపోయావు అంది.

దసరాకు దుర్గ ఇంటికి వచ్చానంది. అరుగు మీద చెప్పులు విడిచిన చప్పుడైంది, కంచంలో అన్నం తగ్గింది, రాత్రి మంచం కిర్రుమంది. పేటలో అందరూ వచ్చి బాగున్నావా దుర్గా అని అడిగి, జవాబు విని వెళ్లారు. ఎటు చూసి మాట్లాడాలో తెలియక కొందరు వల వైపు చూశారు. ఆ తర్వాత దుర్గ రావడం తగ్గించింది. సొంత ఊళ్లో గాలిలా తిరగడం ఎవరికి మాత్రం బాగుంటుంది.

అందుకని చిట్టమ్మే ఒకనాడు కేరేజీలో చేపల పులుసు పట్టుకుని అచ్యుతాపురం బస్సెక్కింది. షెడ్డుకు ఇప్పుడు వెళ్లడం లేదు. దుర్గ మానిపించింది. ఆవిడ వేళ్ల బీటలు చాలావరకు పూడుకున్నాయి. హాస్టల్లో వార్డెన్ ఆవిడను ముందు గదిలో కూర్చోబెట్టి, మీ అమ్మాయి వస్తోంది, అచ్చం మీ పోలికే అంది. ఎక్కడ అని చిట్టమ్మ అడగలేదు. దగ్గర్లో సబ్బు వాసన వచ్చింది, పక్కన బల్ల కొంచెం కుంగింది.

"తలకి నూనె రాత్తన్నావా?" అని అడిగింది చిట్టమ్మ.

"రాత్తన్నానమ్మా."

నమ్మలేదు ఆవిడ. చెయ్యి చాచి వెతికితే జుట్టు తగిలింది, ఎండిపోయి చిక్కులు పడి ఉంది. ఇటు తిరుగు అంది. దువ్వెన చేతిలోకి వచ్చింది. కళ్లు తెరిచి ఉంచితే గోడే కనిపిస్తోందని కళ్లు మూసుకుని, చిక్కు తీసి, మూడు పాయలు చేసి, చిన్నప్పుడు బడికి పంపేటప్పుడు అల్లినంత బిగువుగా జడ అల్లింది. కూతురు కదలకుండా కూర్చుంది. జడ చివరిదాకా వచ్చాక చిట్టమ్మ కళ్లు తెరిచి, ఎదురుగా కూర్చున్న వార్డెన్ని అడిగింది.

"తిన్నగా వచ్చిందా అమ్మా?"

"బాగా వచ్చిందండి," అంది వార్డెన్. "కానీ ఆ పిల్లని ఏడవొద్దని చెప్పండి."

చిట్టమ్మ జడ వదిలేసి, చెంప ఎక్కడుందో చేత్తో వెతుక్కుంది.