పంచదార మానేసిన వీధి

హిదాయతుల్లాగారికి టీ అంటే పంచదారకి పట్టించిన రంగు, అంతే. కోడలు జైనబ్ గ్లాసు చేతికిస్తే ఒక్క గుక్క తాగి, నాలిక చప్పరించి, "అమ్మా, ఇందులో పంచదార వేశావా, చూపించి తీసేశావా?" అనేవారు. ఆమె నవ్వుకుంటూ ఇంకో చెంచా వేసేది. ఏలూరు తంగెళ్ళమూడిలో తివాచీలు నేసే ఆ వీధిలో ఆయన కంటే పెద్దవారు లేరు. చూపు మసకబారి మగ్గం దిగిపోయి చాలా కాలమైంది. నడవలో నులకమంచం, తలాపున టీ గ్లాసు, ఎదురుగా వచ్చేపోయే జనం. ఆయన లోకమంతా అదే.

1939 సెప్టెంబరులో ఎక్కడో యూరపులో యుద్ధం మొదలైందన్నారు. యుద్ధం అక్కడ, దెబ్బ ఇక్కడ. లండనుకి తివాచీలు పంపే షావుకారు ఇక ఆర్డర్లు లేవు పొమ్మన్నాడు. జైనబ్ భర్త రసూల్ సగం నేసిన తివాచీని మగ్గం మీదే వదిలేసి, కొల్లేటి మీద పడవెక్కి ఆకివీడు వెళ్ళి, చేపల బుట్టలు మోసే కూలికి కుదిరాడు. సంపాదన పోయింది సరే, పోనీ ధరలైనా ఊరుకున్నాయా? వీధి మొగలో వీరాస్వామి కిరాణా కొట్లో పంచదార వీశెకి రెండణాలు ఎక్కి కూర్చుంది.

"ఇదేం అన్యాయమండీ?" అని అడిగింది జైనబ్.

"యుద్ధమండీ జైనబమ్మగారూ. నన్నేం చెయ్యమంటారు? తాడేపల్లిగూడెంలో టోకు వర్తకులే పెంచేశారండీ" అన్నాడు వీరాస్వామి తక్కెడ తుడుచుకుంటూ.

పక్కనే కృపమ్మ ఉంది. మిషను స్కూల్లో పిల్లలకి వండిపెట్టే మనిషి. జైనబ్ ఇంటికీ వాళ్ళింటికీ మధ్య ఒక్క దడే అడ్డం. ఆమె నోటికి జడిసేవాళ్ళు వీధిలో చాలామందే ఉన్నారు.

"ఈ బస్తాలు తమరు వేసవిలో దింపించినవి కాదుటండీ? నా కళ్ళతో నేను చూశాను. అప్పుడు యుద్ధం ఎక్కడుంది? జర్మనీవాడు వచ్చి మీ బస్తా మూతి విప్పాడా ఏవిటి?" అంది.

కొట్టు ముందున్న ఆడవాళ్ళు ఘొల్లుమన్నారు. వీరాస్వామి కూడా నవ్వాడు. నవ్వాడు గాని ధర మాత్రం దించలేదు.

ఆ సాయంత్రం వీధిలో ఆడవాళ్ళంతా జైనబ్ నడవలో చేరారు. ఎవరి గోడు వాళ్ళది. అందరి ఏడుపూ విని జైనబ్ అంది కదా: "బియ్యం మానలేం, ఉప్పు మానలేం. పంచదార మానెయ్యలేమా? రంజాను నెల వస్తోంది, పండగొస్తోంది. మనకి అమ్ముకోవాలనేగా ఆయన బస్తాలు దాచింది. మనం ముట్టుకోకపోతే ఏం చేసుకుంటాడు? కొల్లేటి గాలికి పంచదార ఎన్నాళ్ళుంటుంది? చెమ్మ పట్టి నీరు కారుతుంటే తనే ధర దించి అమ్ముకుంటాడు."

మాట బాగానే ఉందని అందరికీ అనిపించింది. మంచం మీంచి హిదాయతుల్లాగారు లేచి కూర్చున్నారు. ఆయన మొహం వెలిగిపోయింది. పడుచుతనంలో ఒకసారి నేతగాళ్ళందరూ మగ్గాలు ఆపేసి, కూలి పెంచేదాకా మెట్టు దిగలేదట. ఆ కథ వీధిలో వినని చెవి లేదు. అయినా మళ్ళీ చెప్పారు.

"మేం కొట్టలేదు, తిట్టలేదు. చేతులు కట్టుకుని కూర్చున్నాం, అంతే! షావుకారు తనంతట తనే నడిచొచ్చాడు. ఒక్కడు కూడా జారిపోలేదమ్మా, అదీ సంగతి."

"అంతా బాగానే ఉంది. మరి తాతగారి టీ మాటేవిటి?" అంది ఎదురింటి బద్రున్నీసా.

"నన్ను వెలివేస్తారేవిటమ్మా? నేనూ మీలో ఒకణ్ణే" అని ఆయన కుడిచెయ్యి చాపారు. ఒక్కొక్కరే వచ్చి ఆ చేతిలో చెయ్యి వేసి మాట ఇచ్చారు. ముందు జైనబ్, తరవాత కృపమ్మ, బద్రున్నీసా, ఆ వెనక మిగతావాళ్ళు. ధర దిగేదాకా పంచదార గుమ్మం దాటి లోపలికి రాకూడదు. నేత నేసి నేసి కాయలు కాసిన చెయ్యది. ఆ చేతిలో వేసిన మాట తప్పేవాళ్ళుంటారని జైనబ్ కలలోనైనా అనుకోలేదు.

ఇక తాతగారి టీ పాట్లు మొదలయ్యాయి. బెల్లం వేస్తే పాలు విరిగిపోయాయి. పాలు మానేసి తాటిబెల్లంతో కాచి ఇచ్చింది. ఆయన ఒక గుక్క తాగి, కాసేపు గ్లాసులోకి చూసి, "బాగుందమ్మా" అన్నారు. అంత మర్యాదగా మెచ్చుకున్నారంటే ఎంత బాగోలేదో జైనబ్‌కి తెలియదూ? మర్నాడు సగం గ్లాసు మిగిలింది. వారం తిరక్కుండానే, "టీ ఎందుకులేమ్మా, కడుపులో మంటగా ఉంటోంది" అనేశారు. జైనబ్ పొయ్యి దగ్గరికెళ్ళి కళ్ళు తుడుచుకుంది. పొగ వల్ల కాదు.

కాని రోజూ సాయంత్రం ఒక్క మాట మాత్రం అడిగేవారు. "ధర దిగిందా అమ్మా?"

"ఇంకా లేదు మావయ్యా. దిగుతుందిలెండి."

"దిగుతుంది. చేతులు కట్టుకుని కూర్చోండి. వాడే వస్తాడు."

రంజాను నెల వచ్చింది. చలిగాలి తిరిగేసరికి ఆయనకి ఆయాసం ముదిరింది. ఉపవాసాలు ఉండే ఓపిక ఏనాడో పోయింది, ఇప్పుడు గంజి కూడా దిగడం లేదు. ధర మాత్రం దిగలేదు. జైనబ్‌కి అంతుపట్టలేదు. ఇంత పెద్ద వీధి కొనడం మానేస్తే ఆ కొట్టువాడు అంత నిమ్మళంగా ఎలా ఉన్నాడు? బస్తాలు ఎక్కడికి పోతున్నాయి? ఒకరోజు చేట కోసం బద్రున్నీసా ఇంటికి వెళితే వంటింటి గడప పొడుగునా చీమలు బారు కట్టి కనిపించాయి. 'బెల్లం వొలకబోసుకున్నట్టుంది' అనుకుని చేట తీసుకుని వచ్చేసింది. పిచ్చిది! నమ్మినవాళ్ళ ఇంట్లో చీమలకి లెక్కలు అడుగుతామా?

కృపమ్మ రోజూ దడి పక్కనుంచి వచ్చి తాతగారి కాళ్ళు పట్టేది. ఓ మధ్యాహ్నం జైనబ్‌ని పక్కకి పిలిచింది.

"వదినా, నా మాట విను. తాతగారి మట్టుకు ఒక పొట్లం కొనరాదూ? ఎవరేమంటారు?"

జైనబ్‌కి ఒళ్ళు మండిపోయింది. "ఇవాళ మా మావయ్యగారికని నేను కొంటాను. రేపు పిల్లాడికని బద్రున్నీసా కొంటుంది. ఎల్లుండి మీ ఆయనకని నువ్వు కొంటావు. ఇక మిగిలేదేవిటే? ఆయన చేతిలో చెయ్యేసి ఆయన పేరు చెప్పే తప్పమంటావా?"

కృపమ్మ మొహం తిప్పుకుని వెళ్ళిపోయింది. అంత నోరున్న మనిషి అలా తల వంచుకుని పోతుంటే, కష్టపెట్టానేమోనని జైనబ్ నొచ్చుకుంది గాని, మెత్తబడలేదు. జైనబ్ మంచి మనిషే, కాదనను. పంతం మాత్రం కొండంత.

ఇంకో నాలుగు రోజులకి వీరాస్వామే వచ్చాడు. భుజం మీద కండువా, చేతిలో కాగితం పొట్లం. చెప్పులు బయట విడిచి, మంచం దగ్గర వంగి, "ఎలా ఉన్నారండీ తాతగారూ?" అని పలకరించాడు. ఆయన కళ్ళు విప్పారు.

"వీరాస్వామా? వచ్చావా! ధర దించావా నాయనా?"

వీరాస్వామి పొట్లం జైనబ్ ముందు గట్టు మీద పెట్టాడు. "డబ్బులొద్దండీ. చిన్నప్పుడు నన్ను ఎత్తుకు తిప్పిన మనిషి. తాగనివ్వండి."

వెయ్యాలనే ఉంది ఆమెకి. దేవుడి తోడు, గబగబా నిప్పు రాజేసి, మూడు చెంచాలు వేసి, ఆయన పెదవులకి అందించాలనే ఉంది. మావయ్య మొహం చూసింది. ఆయన పొట్లం వంక చూసి, కళ్ళు తిప్పుకుని, "మా కోడలు ఏమంటే అదే నాయనా" అన్నారు.

"తీసుకెళ్ళండి" అంది జైనబ్. "అందరికీ దించి అప్పుడు తీసుకురండి. మీ కాళ్ళు కడిగి లోపలికి పిలుస్తాను."

"జైనబమ్మగారూ, మీకు తెలీదండీ... ఈ వీధిలో..." అని ఆగిపోయాడు. వీధిలోకి ఒకసారి చూశాడు. ఎదురింటి తలుపు సందులోంచి ఎవరో తొంగిచూసి చటుక్కున వెనక్కి తగ్గారు. "ఏం లేదులెండి" అని పొట్లం కండువాలో చుట్టుకుని వెళ్ళిపోయాడు. పోయేటప్పుడు చెప్పులు తొడుక్కోవడం కూడా మరిచిపోయి, మళ్ళీ వెనక్కొచ్చి తీసుకున్నాడు.

పండగ ఇక దగ్గరకొచ్చిందనగా హిదాయతుల్లాగారికి ఊపిరి ఎగదన్నింది. వైద్యుడు నాడి పట్టుకుని చూసి, తల ఉత్తరానికి, మొహం పడమటికి వచ్చేలా మంచం తిప్పమన్నాడు. వీధి వీధంతా నడవలో నిలబడింది. పొద్దు వాలిపోతోంది. కాసేపట్లో ఉపవాసం విడిచే వేళ. పోయే ప్రాణానికి గొంతు తియ్యగా తడపాలని వాళ్ళ ఇళ్ళలో ఆనవాయితీ. ఏమీ లేకపోతే చిటికెడు పంచదార వేసిన నీళ్ళు. ఆయన పెదవులు కదిలాయి. జైనబ్ చెవి ఆనించింది.

"తియ్యగా... ఏదైనా..."

ఇన్నాళ్ళూ గుండెని రాయి చేసుకుని నిలబడ్డ మనిషి ఆ ఒక్క మాటతో కూలిపోయింది.

"కృపా, కొట్టుకి పరిగెత్తవే! ఎంతైనా పరవాలేదు! మాటా లేదు గీటా లేదు, తీసుకురావే!" అని గొల్లుమంది.

కృపమ్మ పరిగెత్తింది. వీధి మొగకి కాదు, దడి పక్కనున్న తన ఇంట్లోకి. రెప్ప వేసినంతలో తిరిగొచ్చింది. పైట కొంగులో చారెడు పంచదార.

జైనబ్ చెయ్యి చాపింది, అందుకోలేదు. ఆ చారెడు పంచదార వంకే చూస్తోంది. ఇంతలో బద్రున్నీసా ఎప్పుడు వెళ్ళిందో, ఎప్పుడు వచ్చిందో, చిన్న గిన్నెతో నిలబడింది. ఆమె వెనక ఇంకొకరు, కాగితంలో చుట్టుకుని. ఇంకొకరు గుప్పిట్లోనే పట్టుకుని. ఒక్కరూ తలెత్తలేదు. ఒకరి వెనక ఒకరు వచ్చి జైనబ్ ముందు కంచంలో పోస్తున్నారు. ఆ రోజు ఆ చేతిలో చెయ్యి వేసింది ఈ చేతులే. వేసిందీ ఆయన చేతిలోనే, ఇప్పుడు పోస్తున్నదీ ఆయన కోసమే. అరవాలో ఏడవాలో కాళ్ళు పట్టుకోవాలో ఆమెకి తెలియలేదు.

మసీదులో అజాన్ మొదలైంది. జైనబ్ ఆ కంచంలోంచి తీసి నీళ్ళల్లో కలిపింది. చెంచాతో పెదవుల మధ్య పోసింది. సగం బుగ్గ మీదుగా కారిపోయింది. సగం లోపలికి వెళ్ళింది. ఆయన నాలిక చప్పరించారు, మునుపు టీ తాగినట్టే. కళ్ళు విప్పారు.

"తియ్యగా ఉందే..." అన్నారు. కాసేపు ఊపిరి కోసం ఆగారు. "ధర దిగిందా అమ్మా?"

ఆడవాళ్ళందరూ జైనబ్ మొహం వంకే చూస్తున్నారు.

"దిగింది మావయ్యా" అంది జైనబ్.

"నే చెప్పలా?" అన్నారాయన. పెదవులు నవ్వినట్టు విచ్చుకున్నాయి. "ఒక్కళ్ళు కూడా జారిపోలేదూ?"

"లేదు మావయ్యా. ఒక్కళ్ళు కూడా."

రెండో చెంచా లోపలికి పోలేదు.

రసూల్ కబురందుకుని ఆకివీడు నుంచి వచ్చి మట్టి చేశాడు. ఇరుగు పొరుగువాళ్ళు అన్నం తెచ్చి పెట్టారు. అన్నిటికీ కృపమ్మే ముందు నిలబడింది. అంతా సద్దుమణిగాక జైనబ్ పక్కన కూలబడి, "నన్ను తిట్టు వదినా. చెప్పుచ్చుక్కొట్టు" అని ఏడ్చింది.

"ఎప్పుడు కొన్నావే?"

"మా ఆయనకి జ్వరం తగిలి నోరు చేదన్నప్పుడు. కొట్టు పెరటి దారిన వెళ్ళి ఒక్క పొట్లం. అక్కడ బద్రున్నీసా కనిపించింది. దాని పిల్లాడికి పాలు మాన్పించింది కదా, ఉత్త గంజి తాగనంటున్నాడట. ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోలేక వచ్చేశాం. నీతో చెబుదామనే వచ్చా ఆ రోజు. నువ్వేమో..."

నిజమే. ఆ రోజు చెప్పనివ్వలేదు. జైనబ్‌కి ఎవరి మీదా కోపం రాలేదు. వస్తే బాగుండుననిపించింది. అందరికీ తలో కారణం దొరికింది. జ్వరం పడ్డ మొగుడు, పాలు మానిన పిల్లాడు. తన కారణం ఎదురుగా మంచం మీద పడుకుని, రోజూ సాయంత్రం పేరు పెట్టకుండా అడుగుతూనే ఉంది. అది తన కంటికే ఆనలేదు. మాట నిలబెట్టుకున్నానన్న తృప్తయినా మిగిలిందా అంటే, అదీ లేదు. చివరి మాట అబద్ధమేగా!

మూడో రోజు, పోయినవారి పేర చదివే ఫాతిహాకి తీపి చెయ్యాలి. కంచంలో మిగిలింది చాలదు. జైనబ్ ముసుగు సవరించుకుని, పెరటి దారిన కాకుండా, వీధి దారినే నడిచి వీరాస్వామి కొట్టు ముందు నిలబడింది. అరుగుల మీద కూర్చున్న ఆడవాళ్ళు మాటలు ఆపేశారు. పంచదార ఇంకో అణా పైకెక్కిందట. ఆమె బేరం ఆడలేదు.

వీరాస్వామి తల వంచుకుని తూచాడు. పొట్లం కడుతూ, ఏదో ఒకటి మాట్లాడాలి గనక, అలవాటు మీద అడిగాడు.

"ఎవరికండీ?"

"మా మావయ్యగారికండీ" అంది జైనబ్.