లైన్లో పెట్టిన యాంటెన్నాలు

రేడియో సిగ్నల్ ఎటునుంచి వస్తోందో కనిపెట్టే ఎనిమిది యాంటెన్నాలనూ ఆఫీసు డాబా మీద గుండ్రంగా నిలబెట్టింది టెక్నీషియనమ్మే. డైరెక్టరుగారికి అది కంటగింపుగా తోచింది.

"ఏంటమ్మా ఈ చిందరవందర? రేపు పైవాళ్లొచ్చి ఫొటోలు తీస్తారు. నీట్‌గా లైన్లో పెట్టించు."

"లైన్లో పెడితే సిగ్నల్ ముందునుంచి వస్తోందో వెనకనుంచి వస్తోందో తెలీదు సర్. కంప్యూటర్‌కి రెండూ ఒకటే."

"వెనక ఏముందమ్మా, నా గదేగా!" అని ఆయన నవ్వారు. డైరెక్టరు నవ్వారంటే ఇక మాట్లాడేదేమీ లేదన్నమాట. ఫొటోలు మాత్రం బ్రహ్మాండంగా వచ్చాయి.

వారం తిరక్కుండా అంబులెన్సుల రేడియోలో గరగరమని రొద మొదలైంది. డ్రైవర్లకు అడ్రసులు వినబడటం లేదు. ఏ యాంటెన్నాను సిగ్నల్ ముందు తాకిందో, దేన్ని తర్వాత తాకిందో లెక్కగట్టి కంప్యూటర్ ఒక గీత గీసింది. అది సూటిగా ఎదురువీధి రేడియో మెకానిక్ షాపు మీదికి పోయింది. ఇంకేం, దొంగ దొరికాడు!

"వెనకవైపు కూడా సరిగ్గా ఇలాంటి గీతే ఉంటుంది సర్. అది మీ గదిలోకి..."

"అంటే దొంగ నేనా?"

"అబ్బే, లేదు సర్" అందామె. అలా అన్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

మర్నాడు మెకానిక్ ఆఫీసు మెట్ల దగ్గర ఆమెకు ఎదురొచ్చాడు. "ఇంకో గంటలో సీలు వేస్తారటమ్మా. ఆ షాపు పోతే మా ఇంట్లో పొయ్యి వెలగదు. ఒక్కసారి మళ్లీ చూడండి."

అందరూ సీలు వేయడానికి బయల్దేరాక ఆమె డైరెక్టరు గదిలోకి వెళ్లింది. బీరువా మీద చవకరకం ఫోన్ బూస్టర్ ఒకటి లైటు మిణుకుమిణుకుమంటూ కూర్చుంది. తన ఫోన్‌కు సిగ్నల్ అందట్లేదని ఆయన రొద మొదలైన రోజే పెట్టించుకున్నారు. ఆమె ప్లగ్గు పీకేసింది. ఆమె చేతిలోని రేడియోలో రొద టక్కున ఆగింది.

వెంటనే షాపు దగ్గర్నుంచి డైరెక్టరు ఫోన్ చేశారు. "చూశావా! ఇలా సీలు పడింది, అలా రొద ఆగింది. మన గీత అంటే గీతే!"

ఆమెకు ఒళ్లు మండిపోయింది. ప్లగ్గు మళ్లీ పెట్టింది. ఫోన్లో అవతల వాళ్ల రేడియో గరగర వినబడింది. పీకింది, ఆగింది. పెట్టింది, మొదలైంది.

"ఏమైందమ్మా మళ్లీ?" డైరెక్టరు గొంతు సన్నబడింది.

"ఏం లేదు సర్, మీ గదిలోంచే మాట్లాడుతున్నా. ఆ షాపు తలుపు తీయించి, సీలు సామాను పైకి తీసుకురండి."