కంపెనీ బూట్లు

భీమశంకరరావుతో కాపురం అంటే స్టీల్ ప్లాంట్ స్టోర్సుతో కాపురమేనని పెళ్లయిన ఏడాదికే మహేశ్వరికి అర్థమైపోయింది. ఇంట్లో తువ్వాళ్లు కంపెనీవి, టార్చిలైటు కంపెనీది, చలికోటు కంపెనీది. చుట్టమన్న ప్రతివాడికీ ఆయనిచ్చే బహుమతి ఒక్కటే, కంపెనీ బూట్లజత. ముందువైపు ఇనుప డొప్ప ఉండే ఆ బూట్లతో ఆయన తమ్ముళ్లు పొలం పనులు చేశారు, ఓ బావమరిది ఏకంగా పెళ్లిపీటల దాకా నడిచాడు.

కూతురు దేవిశ్రీ సాఫ్ట్‌వేర్ కుర్రాణ్ణి ఇష్టపడితే ఆయన పెళ్లికి ఒప్పుకున్నాడు గాని మనసు ఒప్పుకోలేదు. కుర్చీ ఉద్యోగం, నాలుగు మెట్లెక్కితే ఆయాసపడతాడని ఆయన తీర్పు. ఆదివారం కంబాలకొండ ఎక్కుదామని కూతురు అనగానే, తీర్పుకి రుజువు దొరుకుతుందని హుషారయ్యాడు. మామా అల్లుళ్లు ఒక్కసారి పక్కపక్కన కూర్చుని మనసు విప్పి మాట్లాడుకుంటే చాలునని మహేశ్వరి ఆశ.

వదులు నూలుచొక్కా, టోపీ, కాలికి అలవాటైన పాత గుడ్డబూట్లు, సరిపడా మంచినీళ్లు ఉంటే చాలని ఆవిడ ముందే చెప్పింది. అల్లుడు సుమంత్ అచ్చంగా అవే సర్దుకున్నాడు. అంతలో మామగారు అటక మీంచి కంపెనీ బూట్ల కొత్త పెట్టె దింపాడు.

"ఇవేస్కో. కొండకి గుడ్డజోళ్లేటి?"

ఒక సైజు పెద్దవి. మహేశ్వరి ఆ మాటే అంటే ఉన్నిమేజోళ్లు రెండు జతలు తెచ్చిచ్చి, "ముప్పయ్యేళ్లు నాను వీటితోనే నడిసేను. నీకేటి తెలుసు?" అన్నాడు. బీయెస్సీలో బోటనీ చదివిన మనిషికి ఇనుము గురించి నిజంగానే ఏమీ తెలియదు కనక ఆవిడ ఊరుకుంది.

ఎక్కడం బాగానే ఎక్కారు. దిగేటప్పుడు సుమంత్ వెనకబడ్డాడు. దేవిశ్రీ ఫోటోలు తీసుకుంటూ ముందు మలుపు దాటిపోయింది. "సూసేవా? అప్పుడే సెప్పేను," అని భీమశంకరరావు భార్య చెవిలో గొణిగాడు.

బత్తాయి ఇచ్చే వంకతో మహేశ్వరి వెనక్కి నడిచింది. సుమంత్ ఓ బండ చాటున బూటు విప్పి కూర్చున్నాడు. మేజోడు నెత్తుటితో బొటనవేలికి అంటుకుపోయింది. ఆవిణ్ణి చూసి కాలు దాచుకోబోయాడు.

"మావయ్యగారికి చెప్పకండి అత్తయ్యా."

"ఏం? చెప్పకపోతే కంపెనీ మెడల్ ఇస్తుందా?"

అతను నవ్వాడు. చిన్నప్పుడు నాన్న కూడా, ఎదిగే కాలు కదా అని, ఒక సైజు పెద్దవే కొనేవారట. ఆయన పోయాక, అడక్కుండా తనకి బూట్లిచ్చిన మనిషి మావయ్యగారేనట.

"అవి కరుస్తున్నాయని ఎలా చెప్పమంటారు?"

మహేశ్వరి ఒలిచేసిన బత్తాయినే కాసేపు ఒలుస్తూ ఉండిపోయింది. చెప్పనని మాటిచ్చింది. మాట తప్పే మనిషి కాదు కనక, అల్లుడికి లేసులు కట్టుకోవడం రావట్లేదు, కాస్త మీ పద్ధతి చూపించండని భర్తని కేకేసింది. పద్ధతి చూపించే అవకాశం ఆయన ఏనాడూ వదులుకోలేదు. వచ్చి గొంతుకూర్చుని అల్లుడి కాలు చేతిలోకి తీసుకున్నాడు.

నెత్తుటి మేజోడు కనపడగానే దాన్ని మెల్లగా ఊడదీశాడు. ఆయన సీసా మూత తీసి ఆ పాదం మీద నీళ్లు పోశాడు. పెళ్లిలో పురోహితుడు చెప్పాడు కనక పళ్లెంలో పెట్టి ఈ కాళ్లే కడిగాడు. అప్పుడు చూపు ఎటో ఉంది. ఇప్పుడు ఒక్కో వేలూ విడదీసి చూస్తూ కడిగాడు. సుమంత్ సిగ్గుతో కాలు లాక్కోబోతే మడమ దగ్గర మెత్తగా పట్టుకుని, మెడలోని తువ్వాలుతో ఒత్తాడు.

"నొప్పేనా?"

"కొంచెం అండీ."

"కొంచెం," అన్నాడాయన, నల్లబడ్డ గోరు చూస్తూ. "దీంతోటే ఇంత దూరం నడిసేవా? నానైతే గేటు కాడే ఎనక్కి తిరిగిపోదును."

తల మాత్రం ఎత్తలేదు.

"మీ అత్తయ్య ముందే సెప్పింది, నాను ఇన్లేదు. బూట్ల సంగతీ తప్పే, నీ గురించి నాననుకున్నదీ తప్పే. తప్పు నాదే బాబూ."