పెళ్ళికూతురు బ్యాటరీ కొన్న పూట

పదకొండున్నరకి రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్ళి పెట్టుకుని, తొమ్మిదింటికి కొత్తబట్టల మీద పాత చొక్కా తొడుక్కుని కారు బానెట్ కింద తల దూర్చిన పెళ్ళికూతురు ఆ వీధి మొత్తానికి టేపు పిన్ని ఒక్కతే. వయసు యాభై నాలుగు, పని దర్జీ పని. మెడలో కొలతల టేపు ఎప్పుడూ వేలాడుతూ ఉంటుందని వీధివాళ్ళు పెట్టిన పేరది. ఆవేళ కూడా దాన్ని తీయడం మర్చిపోయింది.

తాళం తిప్పితే కారు 'టక్' అంది. మళ్ళీ తిప్పితే ఆ మాత్రం కూడా అనలేదు. బ్యాటరీ ఒక పక్క కోపం వచ్చిన బుగ్గలా ఉబ్బిపోయి ఉంది.

"చచ్చింది," అంది పిన్ని.

"పెళ్ళిపూట ఆ మాటేమిటే!" అని కసిరింది వాళ్ళక్క. "టాక్సీ పిలుస్తాను. నోరు మూసుకుని ఎక్కు."

"ఎక్కను."

ఎందుకు ఎక్కనందో అక్కకి తెలుసు. ముప్ఫై ఏళ్ళ కిందట మొదటి పెళ్ళికి పిన్నిని ఎవరిదో కారు వెనకసీట్లో, రెండు పెట్టెల మధ్య ఇరికించి తీసుకెళ్ళారు. ఆ భర్త మంచివాడే, పోయి పదేళ్ళయింది. కానీ మూడో పెట్టెలా కూర్చున్న ఆ ప్రయాణం ఆవిడకి ఇప్పటికీ ఒళ్ళు మండిస్తుంది. స్కూలు యూనిఫారాలు కుట్టి కుట్టి, తనకంటే రెండేళ్ళు పెద్దదైన ఈ ఆకుపచ్చ కారు కొనుక్కుంది. ఈసారి స్టీరింగు తనదే. పెళ్ళికొడుకుని కూడా తనే వెళ్ళి ఎక్కించుకుంటుంది.

పెళ్ళికొడుకు ఒక ప్రెస్సులో ప్రూఫు రీడరు. నాలుగేళ్ళపాటు ఒకే ప్యాంటు తెచ్చి, నడుము దగ్గర ఒక నెల వదులు చేయమనీ, ఇంకో నెల బిగించమనీ అడిగాడు. ఆ ప్యాంటులో ఇక కుట్టడానికి గుడ్డ మిగలదని తేలాక గానీ మనసులో మాట బయటపెట్టలేదు. ఆవిడ సరేనన్నాక కూడా మూడుసార్లు అడిగాడు, "మీరు మనసు మార్చుకోరు కదా?" అని. పదిన్నరకి వంతెన దగ్గర బస్టాపులో నిలబడమని చెప్పింది పిన్ని. పెళ్ళిరోజున కూడా ప్రెస్సువాళ్ళు కామాల గురించి అడుగుతారని, ఆయన ఫోను ఆపేసి ఇంట్లోనే వదిలి వస్తానన్నాడు. అంటే ఆలస్యమైతే కబురు చెప్పే దారి లేదు. తను రాకపోతే ఆ మనిషి ఏమనుకుంటాడో పిన్నికి బాగా తెలుసు. అయినా నవ్వొచ్చింది. పొద్దుట లేచినప్పటినుంచీ ఆవిడకి ప్రతిదానికీ నవ్వే వస్తోంది.

"పదకొండు దాకా చూస్తాను," అని అక్క గడువు పెట్టింది. "అప్పటికీ కదలకపోతే టాక్సీయే."

పిన్ని ఉబ్బిన బ్యాటరీ ఊడదీసి, అది కూర్చునే ఇనపతొట్టిని టేపుతో చకచకా కొలిచి, అంకెలు అరచేతిలో రాసుకుంది. వెనకవీధిలో బ్యాటరీల కొట్టుంది. మోసుకురావడానికి అక్క తన పసి మనవణ్ణి పడుకోబెట్టి తిప్పే తోపుడుబండి తీసుకున్నారు.

కొట్టాయన నిదానస్థుడు. ముక్కుమీది కళ్ళజోడు పైకి నెట్టి ప్రశ్నలు మొదలెట్టాడు. పొడవెంత? వెడల్పెంత? ఎత్తెంత దాకా పర్వాలేదు? ప్లస్సు ఏ వైపు? బండి వయసెంత? మునుపు ఉన్నది ఎన్నాళ్ళు పనిచేసింది?

"ఈయన బ్యాటరీ అమ్ముతున్నాడా, సంబంధం కుదురుస్తున్నాడా?" అని అక్క చెవిలో గొణిగింది పిన్ని. అక్క కిసుక్కుమంది. ఇద్దరూ నెత్తిమీది మూట దింపుకున్నట్టు నవ్వారు. కొట్టాయన నవ్వలేదు. పిన్ని చెప్పిన కొలతలకి సరిపోయే బ్యాటరీని అరలోంచి దించి ఇచ్చాడు.

తిరుగుదారిలో బ్యాటరీ మీద మనవడి దుప్పటి కప్పారు. సందు మలుపులో పక్కింటి పెద్దావిడ ఎదురై తోపుడుబండిలోకి వంగింది.

"పడుకున్నాడా?"

"లేదండీ, చార్జింగులో ఉన్నాడు," అంది పిన్ని.

ఆవిడ దుప్పటి ఎత్తి చూసి, మళ్ళీ జాగ్రత్తగా కప్పేసి వెళ్ళిపోయింది. ఇంటిదాకా అక్కచెల్లెళ్ళ నవ్వుకి పట్టపగ్గాల్లేవు.

ఇంటికొచ్చాక ఆగింది నవ్వు. బ్యాటరీ తొట్టిలో దిగలేదు. అటు తిప్పారు, ఇటు తిప్పారు. అక్క దానిమీద కూర్చోబోయింది కూడా. పొడవూ ఎక్కువే, వెడల్పూ ఎక్కువే. పిన్ని అరచేతిలో అంకెలు చూసుకుని, తొట్టిని మళ్ళీ కొలిచి, నుదురు కొట్టుకుంది.

"అక్కా, కుట్టుకి వదిలాను."

"ఏమిటి వదిలావ్?"

"కుట్టుకి! అటొక అరంగుళం, ఇటొక అరంగుళం. చెయ్యి దానంతటదే కలిపేసింది."

ముప్ఫై ఏళ్ళుగా ఏది కొలిచినా గుడ్డ కుట్టులోకి పోయే అరంగుళాన్ని కలిపి రాసుకోవడం ఆవిడ అలవాటు. ఇనపతొట్టికి కుట్లుండవన్న సంగతి చేతికి తోచలేదు. అక్క నోరు వెళ్ళబెట్టింది. వరండా గోడమీది గడియారం పదింపావు చూపిస్తోంది.

"ఏడవకే," అంది అక్క.

"ఏడవడం లేదు," అంది పిన్ని ముక్కు ఎగబీలుస్తూ. ఆయన నీట్‌గా దువ్వుకుని బస్టాపుకి బయల్దేరి ఉంటాడు. ఆ తలపు రాగానే ఆవిడ లోపలికి పరుగెత్తి, బట్టలు కత్తిరించే ముందు కొలతకి వాడే మందపాటి కాగితం తెచ్చింది. తొట్టిలో పరిచి, అంచులు గోటితో నొక్కి, ఉన్నదున్నట్టు కత్తిరించింది. మందపు తీగ ఎటువైపు అందుతుందో అక్కడ ఎర్ర సుద్దతో ప్లస్సు గుర్తు పెట్టింది. బానెట్ మూస్తే ఎంత ఎత్తు మిగులుతుందో అంత పొడవు రిబ్బను ఒకటి కోసింది. ఈసారి అంకెలు రాసుకోలేదు. తన చేతిని తను నమ్మే స్థితిలో లేదు.

పెద్ద బ్యాటరీని మళ్ళీ తోపుడుబండికెక్కించి ఇద్దరూ పరుగులాంటి నడక అందుకున్నారు. కొట్టాయన కథంతా విని, మొదటిసారి పెదవి కదిపాడు.

"గుడ్డని లోపలికి మడవచ్చమ్మా, ఇనుముని కాదు."

పిన్ని కాగితం తీసుకుని అరల ముందు ఒక్కొక్క బ్యాటరీ మీదా పరిచి చూసింది. మూడింటికి అతికినట్టు సరిపోయింది. మొదటిదానికి ప్లస్సు అవతలి వైపు, తీగ అందదు. రెండోది రిబ్బను కంటే ఎత్తు, బానెట్ ఇనుముకి తగిలి నిప్పురవ్వలు లేస్తాయన్నాడు కొట్టాయన. మూడోది కిందిఅరలో మూలన, దుమ్ముపట్టి, బుద్ధిగా కూర్చుని ఉంది.

"ఇదా? చాలా చిన్నదిగా ఉందే," అంది అక్క. "ఇంజన్ని లేపుతుందా?"

"బండిలో ఏసీ ఉందా? పాటల పెట్టె ఉందా?" అడిగాడాయన.

"రెండు దీపాలు, ఒక హారను."

"అయితే ఇదే ఎక్కువ."

పిన్నికి అది చూడగానే నచ్చింది. అలాగే బస్టాపులో ఓ మూలన నిలబడి ఉండే మనిషి గుర్తొచ్చాడు. కొట్టాయన మీటరు పెట్టి బలం చూసి, నిండుగా ఉందని తల ఊపాడు.

కొత్త బ్యాటరీ తొట్టిలోకి చప్పుడు లేకుండా దిగింది. ముందు ప్లస్సు, తరవాత మైనస్సు బిగించింది పిన్ని. అక్క గడియారం కనపడకుండా గోడకి అడ్డంగా నిలబడింది. అది పదకొండు దాటి మూడు నిమిషాలు చూపిస్తోందని ఇద్దరికీ తెలుసు.

తాళం తిప్పింది. ఇంజను ఒకసారి దగ్గి, గుర్రుమంది. పిన్ని సీట్లో కూర్చునే గెంతింది, తల పైకప్పుకి కొట్టుకుంది. అక్క వెనకసీట్లో తోపుడుబండితో సహా పడింది.

వంతెన దాకా ఇరవై నిమిషాలు, వంతెన దిగగానే రిజిస్ట్రారు ఆఫీసు. ప్రతి ఎర్రదీపం దగ్గరా పిన్ని ఆయన మొహం ఊహించుకుంది. వెళ్ళిపోయి ఉంటాడు. మళ్ళీ ప్రూఫులు దిద్దుకుంటూ కూర్చుని ఉంటాడు. ఇంక ఏ మొహం పెట్టుకుని ఆయన ముందు నిలబడాలి? నవ్వు ఎటో పోయింది. అక్క వెనకనుంచి భుజం నొక్కుతూనే ఉంది.

బస్టాపులో జనం లేరు. అంచున ఒక్కడే, ఇస్త్రీ చొక్కాలో, చేతులు ముందుకి కట్టుకుని నిలబడి ఉన్నాడు. ముక్కూ నుదురూ ఎండకి కందిపోయాయి. ఆకుపచ్చ కారు పక్కన ఆగినా కదల్లేదు, నమ్మబుద్ధి కానట్టు.

పిన్ని చెయ్యి చాచి లోపలినుంచే తలుపు తెరిచింది.

"నేను రాననుకున్నారా?"

"అనుకున్నాను," అన్నాడాయన. అబద్ధం చెప్పడం ఆయనకి చేతకాదు. "పదిన్నరకీ అనుకున్నాను, పదకొండుకీ అనుకున్నాను."

"మరి వెళ్ళిపోలేదేం?"

"ఒకవేళ మీరు వస్తే, ఇక్కడ ఎవరూ లేకపోతే మీకెలా ఉంటుందో అని."

పిన్ని మసి అంటిన చేత్తో ఆయన చెయ్యి పట్టుకుని పక్కసీట్లోకి లాక్కుంది.