సారలమ్మ జాగా

పచ్చడి సీసాకు మూత బిగించి, అంచుకంటిన నూనె తుడిచి, లేబుల్ అతికించి పక్కకు జరిపింది సారలమ్మ. నాచారంలోని ఆ పచ్చళ్ల కంపెనీలో ఇన్నేళ్లుగా ఆమె చేసింది ఇదే పని. కారం ఇంకిపోయిన వేళ్లు ఎంత కడిగినా ఎర్రగానే ఉంటాయి.

చదువు లేనివాళ్లను తీసేసి డిగ్రీ వాళ్లను పెట్టుకుంటారని గుసగుసలు. పని అదే, జీతమూ అదే.

"సీసాకు మూత వెట్టనీకి డిగ్రీ ఎందుకే?" పక్క స్టూలు మీది తారామణి నవ్వబోయింది. నవ్వు రాలేదు.

కిటికీలోంచి ఆఫీసు ముందు వరుస కనిపిస్తోంది. ఇస్త్రీ బట్టలు, చేతుల్లో ఫైళ్లు, అందరూ ఆడపిల్లలే. వాళ్ల మధ్య నీలం చున్నీ చూసి సారలమ్మ స్టూలు మీంచి లేచింది. సంతోషి! ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివిన తన బిడ్డ. హబ్సిగూడలో కోచింగుందని చెప్పి పొద్దున బయల్దేరిన పిల్ల.

అన్నం గంట కొట్టగానే బిడ్డను నల్లా దగ్గర పట్టుకుంది.

"ఈడికెందుకొచ్చినవే?"

"ఇంకెక్కడికి పోవాల్నమ్మా? ఏడికి వోయినా నా అసుంటోళ్లు వందమంది నిలవడుతున్రు." సంతోషి తల వంచుకుంది. "నిన్నెట్లనన్న తీసేస్తరంట. సూపర్‌వైజర్ దయాకర్ సార్ చెప్పిండు. ఎవరికో పోయే పని నేనే జేస్తే ఇల్లన్న నడుస్తది."

అంతవరకూ సారలమ్మ భయమంతా పని పోతుందనే. ఇప్పుడా భయం బిడ్డ వైపు తిరిగింది. తనూ రెండు నెలలు చేసి మానేద్దామనే వచ్చింది ఇక్కడికి. అప్పుడు సంతోషి చంకలో పిల్ల.

పొద్దుగూకుతుండగా దయాకర్ పిలిచాడు.

"ఇయ్యాల్టితోని సరి, సారలమ్మా. ఫికర్ జెయ్యకు. నీ జాగల నీ బిడ్డనే తీసుకున్న."

"నీ కాళ్లు మొక్కుత సారూ. నన్ను తీసెయ్, నేనేమనను. దాన్ని మాత్రం తీసుకోకు."

ఆయన తెల్లబోయాడు. "గదేందమ్మా, మంచే జేసిన గద!"

సెకండ్ షిఫ్టు గంట మోగింది. ఆమె గేటు దాకా నడిచి వెనక్కి చూసింది. ట్యూబులైట్ల కింద, నెత్తికి తెల్ల టోపీతో సంతోషి బల్ల ముందు నిలబడి ఉంది. పిలుద్దామని నోరు తెరిచింది. పిలిస్తే వచ్చేస్తుంది. వచ్చేస్తే రేపు పొయ్యి ఎట్లా వెలుగుతుంది? నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

సంతోషి తల్లి స్టూలు మీద కూర్చుంది. పాత చీర మడతలేసి సారలమ్మ కుట్టుకున్న మెత్త దాని మీదే ఉండిపోయింది. తన ఒంటి వేడి ఇంకా చల్లారి ఉండదు.